పోర్టల్‌లో ‘అండర్ రివ్యూ’ ఎన్నాళ్లు ఉంటుంది?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చివరి సంవత్సరం చదువుతోంది. అమెరికాలో డేటా సైన్స్‌లో ఎంఎస్ చేయాలని డిసెంబరులో ఆరు యూనివర్సిటీలకు దరఖాస్తు చేసింది. ఒకచోట అడ్మిట్ వచ్చింది, డిపాజిట్ కట్టడానికి గడువు కూడా పెట్టారు. తనకు బాగా ఇష్టమైన యూనివర్సిటీ పోర్టల్‌లో మాత్రం ఏడు వారాలుగా ‘అండర్ రివ్యూ’ అనే కనిపిస్తోంది. మధ్యలో ఒకరోజు ‘సబ్మిటెడ్’కు మారి, తిరిగి ‘అండర్ రివ్యూ’కు వచ్చింది. ఆమె కంటే తక్కువ మార్కులున్న క్లాస్‌మేట్‌కు అక్కడే అడ్మిట్ వచ్చింది. నేను రోజూ రాత్రి పోర్టల్ తెరిచి చూస్తున్నాను. ఆమె పేరుతో రెండు మెయిళ్లు కూడా పెట్టాను, జవాబు రాలేదు. ఇక రిజెక్ట్ అయినట్టేనా? వచ్చిన అడ్మిట్‌కు డిపాజిట్ కట్టాలా, ఆగాలా? రెండింటినీ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి

జవాబు: రిజెక్ట్ అయినట్టు కాదండీ. అడ్మిట్ వస్తుందని భరోసా ఇచ్చే మాట కూడా కాదది. మీ అమ్మాయి ఫైలు ఏ బల్ల మీద ఉందో స్టేటస్ చెబుతుంది. ఆ బల్ల ముందు కూర్చున్నవారు ఏమనుకుంటున్నారో చెప్పదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో సగం ఈ ఒక్క మాట గురించే ఉంటాయి.

ఆ ఫైలు ప్రయాణం ఎలా ఉంటుందో తెలిస్తే మీకు కొంత నిద్ర పడుతుంది. చాలా అమెరికన్ యూనివర్సిటీల్లో ఎంఎస్ దరఖాస్తు రెండు చేతులు మారుతుంది. మొదట గ్రాడ్యుయేట్ స్కూల్ (పీజీ కోర్సుల విభాగం) కార్యాలయం ఫీజు, మార్కుల పత్రాలు, సిఫారసు లేఖలు, టోఫెల్ లాంటి ఇంగ్లిష్ పరీక్షల స్కోర్లు చేరాయో లేదో చూస్తుంది. తర్వాత ఫైలు డిపార్ట్‌మెంట్‌కు వెళుతుంది. అక్కడ ప్రొఫెసర్ల కమిటీ చదివి, తీసుకోవచ్చో లేదో చెబుతుంది. ఆ సిఫారసు మళ్లీ గ్రాడ్యుయేట్ స్కూల్‌కు వచ్చి, అక్కడ ఆమోదం పొందాకే ఉత్తరం బయటికి వస్తుంది. ప్రొఫెసర్లు పాఠాలు చెప్పుకుంటూ, పరిశోధన చూసుకుంటూ, మిగిలిన సమయంలో ఈ ఫైళ్లు చదువుతారు. ‘అండర్ రివ్యూ’ అని ఉన్న ఏడు వారాల్లో ఎక్కువ రోజులు ఆ ఫైలు వరుసలో ఎదురుచూస్తూ ఉండి ఉంటుంది. చాలా పోర్టళ్లలో పత్రాలన్నీ అందగానే ఆ మాట దానంతట అదే వచ్చేస్తుంది. అప్పటికి ఫైలును ఎవరూ తెరిచి ఉండకపోవచ్చు.

స్టేటస్ వెనక్కి వెళ్లి ముందుకు రావడం గురించి ఎక్కువ ఆలోచించకండి. కొత్త సెమిస్టర్ మార్కుల పత్రం చేర్చినా, ఒక స్కోరు ఆలస్యంగా వచ్చి జతపడినా, కార్యాలయంలో ఎవరైనా ఒక గడి సరిచేసినా అలా మారవచ్చు. ‘డెసిషన్ మేడ్’ అని కనిపించినా ఉత్తరం తెరిచేదాకా ఏ అర్థమూ తీయకండి. అడ్మిట్‌కైనా రిజెక్ట్‌కైనా అదే మాట వాడతారు.

నిజంగా పట్టించుకోవలసిన స్టేటస్ ఒకటుంది. ‘ఇన్‌కంప్లీట్’ లేదా ‘అవైటింగ్ మెటీరియల్స్’. అంటే ఏదో పత్రం చేరలేదు, లేదా చేరినా ఈ ఫైలుకు జతపడలేదు. మన పిల్లల విషయంలో దీనికి ఒక సాధారణ కారణం ఇంటిపేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒక గడిలో, పదో తరగతి మెమోలో పేరుకు ముందు, పరీక్ష రిజిస్ట్రేషన్‌లో పొడి అక్షరంగా ఉంటుంది. స్కోరు యూనివర్సిటీకి చేరుతుంది, కానీ అది ఎవరిదో అక్కడి కంప్యూటర్‌కు తెలియక పక్కన పడి ఉంటుంది. మీ అమ్మాయి మిగతా నాలుగు పోర్టళ్లలో ఒక్కసారి చెక్‌లిస్ట్ చూసుకుని, అన్నింటి ఎదురుగా ‘రిసీవ్డ్’ అని ఉందో లేదో నిర్ధారించుకోవాలి. సిఫారసు లేఖ దగ్గర ఖాళీ కనిపిస్తే ఆ లెక్చరర్‌కు ఈరోజే గుర్తుచేయాలి. ఈ పనికి అరగంట చాలు.

క్లాస్‌మేట్ సంగతి. ఆ విద్యార్థి అదే కోర్సుకు దరఖాస్తు చేశారా? ఒకే యూనివర్సిటీలో డేటా సైన్స్ ఒక డిపార్ట్‌మెంట్‌ది, కంప్యూటర్ సైన్స్ మరొకదానిది కావచ్చు. కమిటీలు వేరు, గడువులు వేరు, ఉత్తరాలు పంపే రోజులు వేరు. కోర్సు ఒకటే అయినా ఉత్తరాలు విడతలుగా వస్తాయి. మొదటి విడతలో పేరు లేకపోవడానికి పది కారణాలుంటాయి. మార్కుల శాతాలు పక్కపక్కన పెట్టి చూసేది మనం. కమిటీ మాత్రం ఏ సబ్జెక్టుల్లో ఎలా చదివారు, ఏ ప్రాజెక్టు చేశారు, లేఖ రాసినవారికి ఈ విద్యార్థి నిజంగా తెలుసా అన్నవి కూడా చూస్తుంది.

ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీ అమ్మాయి పేరుతో మీరు మెయిళ్లు పెట్టడం తప్పు. ఆమె రాయని మాట ఆమె సంతకంతో వెళ్లింది. దరఖాస్తు ఆమెది, యూనివర్సిటీ మాట్లాడేది ఆమెతోనే. రేపు అక్కడ అద్దె ఇంటి ఒప్పందం, ఫీజు గడువు, ప్రొఫెసర్‌తో ఇబ్బంది, అన్నింటికీ తన మెయిలు తనే రాసుకోవలసిన పిల్లకు మొదటి మెయిలు మీరు రాసిపెట్టారు. రోజూ రాత్రి ఆమె కంటే ముందు మీరు పోర్టల్ తెరుస్తున్నారు. పొద్దున మీ ముఖం చూసి ఫలితం తెలుసుకోవలసిన స్థితిలో ఆమె ఉంది. మీకున్న భయం నాకు అర్థమవుతుంది. అప్పు, బంధువుల ప్రశ్నలు, ఒక్క సంవత్సరం వృథా అవుతుందేమోనన్న దిగులు అన్నీ అందులో ఉన్నాయి. కానీ అవి మీ భయాలు. వాటిని ఆమె ఫలితంలో కలపకండి. పాస్‌వర్డ్ మార్చుకోమని ఈ సాయంత్రమే ఆమెకు చెప్పండి.

మళ్లీ మెయిలు పెట్టాలా? యూనివర్సిటీ తన పేజీలో నిర్ణయాలు ఎప్పటికి ఇస్తామని చెప్పిందో చూడండి. ఆ తేదీ దాటలేదంటే పెట్టవద్దు. దాటితే ఆమే తన రిజిస్టర్డ్ మెయిలు నుంచి, దరఖాస్తు నంబరు రాసి, నాలుగు వాక్యాల్లో అడగాలి. మరో చోట అడ్మిట్ వచ్చిందని, దానికి ఫలానా తేదీ గడువుందని, నిర్ణయం ఎప్పటికి ఆశించవచ్చో చెప్పమని అడిగితే చాలు.

మీరు అడగని విషయం ఒకటి, నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది. ఆరు దరఖాస్తులూ డేటా సైన్స్‌కేనా? ఈ పేరు మీద నాకు కొంతకాలంగా అనుమానాలున్నాయి. ఒకచోట ఈ కోర్సు స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. మరోచోట కంప్యూటర్ సైన్స్‌లో, ఇంకోచోట బిజినెస్ స్కూల్‌లో, వేరొకచోట ఉద్యోగుల కోసం పెట్టిన విభాగంలో ఉంటుంది. డిగ్రీ మీద పేరు ఒకటే, లోపల చదివేది వేరు. సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా, డేటాబేస్‌లు లోతుగా చెప్పే కోర్సు ఉంది. సాఫ్ట్‌వేర్ పనిముట్లు వాడటం నేర్పి పంపేసేదీ ఉంది. కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్ చేసిన పిల్లకు రెండో రకం కోర్సు కొత్తగా ఇచ్చేది తక్కువ. పైగా డేటా సైంటిస్ట్ అన్న హోదాతో వచ్చే ఉద్యోగాలకు చాలాచోట్ల అనుభవం అడుగుతారు. కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేస్తూ మెషీన్ లెర్నింగ్ సబ్జెక్టులు ఎంచుకున్నవారికి తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయని నా అభిప్రాయం. కోర్సు అమెరికా ప్రభుత్వ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉందో లేదో కూడా చూడండి. డిగ్రీ తర్వాత పని అనుభవానికి ఇచ్చే ఓపీటీ 12 నెలలు. స్టెమ్ కోర్సు అయితే మరో 24 నెలలు అడగవచ్చు. ఆ తర్వాత అక్కడ ఉద్యోగానికి తీసుకునే హెచ్-1బీ వీసాలకు ఏడాదికి 65,000, అమెరికా మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20,000 మాత్రమే పరిమితి. అడిగేవారు అంతకంటే చాలా ఎక్కువ. అందరూ వెళుతున్నారని ఈ దారి పట్టవద్దు. ఆమెకు గణితం ఇష్టమై ఎంచుకుంటే నాకు అభ్యంతరం లేదు.

ఇక మీరడిగిన పోలిక. ఆమెకు వచ్చిన అడ్మిట్, ఆమె ఎదురుచూస్తున్న యూనివర్సిటీ, రెండింటి సిలబస్ పక్కపక్కన పెట్టి పై ప్రశ్నలే వేసుకోండి. ఆ పని మీరు కాదు, ఆమె చేయాలి. డిపాజిట్ సాధారణంగా వెనక్కి రాదు, కాబట్టి కట్టేముందు గడువు పెంచమని మర్యాదగా ఒక మెయిలు రాయమనండి. కొన్నిచోట్ల పెంచుతారు. పెంచకపోతే, ఆ కోర్సు ఆమెకు నిజంగా నచ్చితే, ఆ సొమ్ము పోయినా ఫర్వాలేదని మీకు అనిపిస్తే కట్టండి. ఏప్రిల్ 15 గురించి విని ఉంటారు. గ్రాడ్యుయేట్ స్కూళ్ల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం ప్రకారం, సంతకం చేసిన యూనివర్సిటీలు ఆర్థిక సహాయంతో ఇచ్చే ఆఫర్లకు ఆ తేదీకి ముందే జవాబు చెప్పమని బలవంతం చేయకూడదు. సహాయం లేని ఎంఎస్ అడ్మిట్‌కు అది వర్తించదు. అయినా ఆ తేదీ చుట్టుపక్కల చాలామంది తమకొచ్చిన సీట్లు వదులుకుంటారు. వెయిట్‌లిస్ట్‌లు కదిలేది అప్పుడే. ఏప్రిల్ చివరిదాకా ఒక్క మాటా మారని పోర్టల్‌లో అడ్మిట్ చూసిన పిల్లలు నాకు తెలుసు. అదే సమయంలో రిజెక్ట్ చూసి, రెండో ఇష్టమైన చోటికి వెళ్లి బాగా చదువుకున్నవారూ తెలుసు. మీ అమ్మాయి చేతిలో ఇప్పటికే ఒక అడ్మిట్ ఉంది. ఈ ఏడాది వృథా కాదు.

మీ వంతు పని కూడా ఉంది, అది ఆమె చేయలేనిది. ఏ యూనివర్సిటీకి వెళ్లినా ఐ-20 (విద్యార్థి వీసాకు కావలసిన, యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కోసం మొదటి ఏడాది ఖర్చుకు సరిపడే డబ్బు చూపాలి. బ్యాంకు నుంచి బ్యాలెన్స్ ధ్రువపత్రం, విద్యారుణం తీసుకుంటే మంజూరు లేఖ సిద్ధం చేయండి. ఐ-20 వచ్చాక సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు వేరు. ఆమె పాస్‌పోర్ట్ తీసి ఇంటిపేరు ఏ గడిలో ఉందో, గడువు ఎప్పటిదాకా ఉందో ఈరోజే చూడండి.