చిల్లర లెక్కపెట్టే మనిషి

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. నాలుగో పేజీలో తండ్రి సైకిల్ ట్యూబులో గాలి కొట్టి, నీళ్ల టబ్బులో ముంచి, కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తాడు చూడు, అక్కడ ఆగిపోయాను. బడికి టైమైపోతోందని పక్కన కుర్రాడు గునుస్తున్నా ఆయన తలెత్తడు. బాగుంది. ఆ వెంటనే ఏం రాశావు? ‘ఆ బుడగల్లాగే ఆయన కలలూ పగిలిపోయాయి’ అని. ఎందుకు బాబూ ఆ మాట? బుడగ కనబడితే ఆయనకి సంతోషం, చిల్లు దొరికింది కదా! కలలు నువ్వు తెచ్చి టబ్బులో పడేశావు.

ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే. దాన్ని ఎవరి ముందైనా పైకి చదివి ఉంటే నీకే సిగ్గేసేది. చదవలేదని తెలిసిపోతోంది. పైగా, మా ఊళ్లో సాహిత్యం తెలిసినవాళ్లు లేరు, ఏ సంఘంలో చేరితే ప్రోత్సాహం దొరుకుతుంది అని అడిగావు. అరసం, అంటే అభ్యుదయ రచయితల సంఘం, 1943లో తెనాలిలో పుట్టింది; విరసం, అంటే విప్లవ రచయితల సంఘం, 1970లో. రెంటిలోనూ నాకు స్నేహితులున్నారు. నమ్మకం కుదిరితే చేరు, వద్దనను. కానీ సభ్యత్వ రసీదు చూసి వాక్యం బాగుపడదు.

1983లో నేను గజపతినగరం దగ్గర ఒక బడిలో టీచర్ని. ఆదివారం సాయంత్రాలు విజయనగరంలో ఒక టైలరు కొట్టులో, కొట్టు కట్టేశాక, నలుగురం చేరేవాళ్లం. టైలరు, నేను, ఒక కాంపౌండరు, ఒక ఆర్టీసీ కండక్టరు. గుడ్డల మూటల మీద కూర్చునేవాళ్లం. రూలు ఒక్కటే: కథ ఎవరు తెచ్చినా పైకి చదవాలి, మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. కాంపౌండరు మొహమాటస్తుడు, ఏది చదివినా ‘బాగుందండీ’ అనేవాడు. కండక్టరు నోరు విప్పేవాడు కాదు. బోరు కొడితే మాత్రం తోలు సంచీలోంచి చిల్లర తీసి ఒళ్లో పోసుకుని లెక్కపెట్టుకునేవాడు. పావలాలు ఒక పక్క, అర్ధరూపాయలు ఒక పక్క. నా కథలు మూడు ఆ గలగలలోనే పోయాయి. ఒళ్లు మండిపోయేది. ఇంటికెళ్లి, ఆ చప్పుడు ఎక్కడ మొదలైందో గుర్తు తెచ్చుకుని పెన్సిలుతో గీత పెట్టేవాణ్ణి. చూస్తే ఏముంది, ప్రతిసారీ సరిగ్గా అక్కడ నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను.

నాలుగో కథకి ఆయన సంచీలో చెయ్యి పెట్టాడు, తియ్యడం మర్చిపోయాడు. అయ్యాక, ‘ఇంతకీ ఆ ముసలమ్మ టిక్కెట్టు తీసిందా లేదా?’ అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ కథనే ఒక వారపత్రికకు పంపాను, స్టాంపు అంటించిన తిరుగు కవరుతో సహా. ఎనిమిది నెలలకి అచ్చయింది. చివర్లో ముసలమ్మకి తప్పిపోయిన కొడుకు దొరికేశాడు! నేను రాయలేదు ఆ కొడుకుని. పాఠకులు బాధపడతారని ఎడిటరుగారే కని ఇచ్చారు. నలభై ఏళ్లు దాటింది, నాకింకా ఆ కోపం పోలేదు. ఆ ఆదివారం కండక్టరు పత్రిక తెచ్చి కుట్టుమిషను మీద పడేసి, ‘ఎవడండీ ఈ కొత్త పాసింజరు?’ అన్నాడు. నలుగురం పడీపడీ నవ్వాం. వాళ్లు లేకపోతే ఆ వారమే కలం మూసేసేవాణ్ణేమో. ప్రోత్సాహం అంటే నాకు తెలిసింది అది.

ఇప్పుడు ప్రోత్సాహం అంటే శాలువా. వేదిక మీద పదిహేనుమంది ఎక్కుతారు, ఒక్కరూ పుస్తకం తెరిచి ఒక పేరా చదవరు. మా ఇంట్లో పదకొండు శాలువాలున్నాయి. ఒకటి మిక్సీ మీద కప్పింది మా ఆవిడ.

మీ ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం ఎంత దూరమని? కథానిలయానికి ఎప్పుడైనా వెళ్లావా? కారా మాస్టారు, అదే కథకుడు కాళీపట్నం రామారావుగారు, లెక్కల టీచరు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వస్తే, ఆ డబ్బు పెట్టి ఇతరుల కథలకి ఇల్లు కట్టించారు, అదే కథానిలయం. 1997 ఫిబ్రవరిలో తెరిచారు. పేరు మోసినవాళ్ల కథలూ, ఒక్కటి రాసి మానేసినవాళ్ల కథలూ అక్కడ ఒకే కప్పు కింద ఉంటాయి. మా టైలరు జీవితం మొత్తంలో అచ్చయింది ఒక్కటే కథ. ఆయన పోయిన పన్నెండేళ్లకి ఆ పాత సంచిక నాకు అక్కడే దొరికింది. కాగితం అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. బీరువా పక్కనే నిలబడి, పక్కవాళ్లకి ఇబ్బంది లేకుండా, సన్నగా పైకి చదివాను. మా రూలు అది కదా.

నువ్వూ ముగ్గుర్ని వెతుక్కో. రాసేవాళ్లయితే మరీ మంచిది, ఎక్కడ బద్ధకించావో ఇట్టే పట్టేస్తారు. ‘బాగుందండీ’ అనేవాడు కూడా ఒకడుండాలి. మా కాంపౌండర్ని తక్కువ చేసి మాట్లాడాను గానీ, వర్షంలో కూడా వచ్చేవాడాయన.

ఇంకో మాట. ఆ పంక్చర్ షాపు మీ నాన్నగారిదే అనుకుంటాను. ఆయనకి ఈ కథ చదివి వినిపించావా? ఏడో పేజీలో తడి తుడవకుండా, ఆకురాయితో గీకకుండా ట్యూబుకి సొల్యూషన్ పూయించేశావు. ఆయన వింటే అక్కడే ఆపేవారు.

ఇట్లు
నీ మాస్టారు