రిటైర్డ్ రేసు గుర్రం వెన్నుకి కండ పట్టట్లేదా? ముందు జీను చూడండి

అన్నా, మలక్‌పేట రేసుల నుంచి రిటైరైన గుర్రాన్ని తెచ్చి 2 నెలలు దాణా దంచినా పొట్టే వస్తోంది, వెన్నుపూస మాత్రం తేలే ఉంది అన్నావ్ కదా, దాణాతో కొవ్వొస్తుంది గానీ కండ రావాలంటే పని చేయించాల్సిందే. కాకపోతే ముందు జీను చూడు. మా ఆడగుర్రానికీ ఇదే గోల, ఓరోజు జీను తీస్తే వీపంతా చెమట, జబ్బల వెనక మాత్రం అరచేతులంత రెండు పొడి మచ్చలు, అంటే అక్కడ నొక్కేస్తోందన్నమాట, నొప్పున్న చోట కండేం పడుతుంది చెప్పు.

జీను సరిచేశాక ఓ 6 వారాలు నడకే, పగ్గాలు వదులుగా వదిలి తల కిందికి చాపనిస్తూ రోజూ అరగంట, దగ్గర్లో గుట్టేమైనా ఉంటే ఎక్కించు, అంతకు మించిన జిమ్ లేదు. తర్వాత 4 కర్రలు దాదాపు 3 అడుగుల ఎడంలో నేలమీద పరిచి దాటించు, కాళ్లెత్తినప్పుడు పొట్ట బిగుస్తుంది, వీపు పైకి లేస్తుంది. నాలుగేసి అడుగులు వెనక్కి నడిపించు కూడా. తలని తాడుతో కిందికి కట్టేసే షార్ట్‌కట్ మాత్రం వద్దు బాబూ, మెడ వంగుతుందంతే, వీపు ఇంకా బిగుసుకుపోతుంది. దాణాలో సోయా చెక్క కొద్దికొద్దిగా పెంచు, పళ్లు ఓసారి డాక్టర్‌కి చూపించు. 3 నెలలకి గానీ తేడా తెలీదు, నెలకోసారి పక్కనుంచి ఫొటో తీసిపెట్టుకో.