అమ్మమ్మ పాట, ఏరియేటర్ మోత

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. మీ అమ్మమ్మ పాట రికార్డు చేసి నువ్వు పంపిన రెండు ముక్కలూ విన్నాను. అమ్మ పాట ఎత్తుకున్నప్పుడు గొంతు బాగానే ఉంది. రాగం సాగదీసిన చోటల్లా ఎవరో నోరు నొక్కినట్టు సన్నగిల్లిపోతోంది. నువ్వేమో రికార్డు చేసే ఆడాసిటీ ప్రోగ్రామే పాడైందని తీసేసి మళ్లీ ఎక్కించావట, అదీ రెండుసార్లు! దాని తప్పేం లేదురా. ఇది విండోస్ చేస్తున్న నిర్వాకంలా ఉంది. మైకులోంచి వచ్చే శబ్దాన్ని తనే శుభ్రం చేసేద్దామని చూస్తుంది. మాటలకైతే అది పనికొస్తుంది గానీ, ఒకే తీరుగా సాగే ధ్వని వస్తే ఫ్యాన్ చప్పుడనుకుని నొక్కేస్తుంది. మీ అమ్మమ్మ రాగం దానికి ఫ్యాన్‌లా వినిపించిందన్నమాట. ఈ సంగతి ఆవిడకి మాత్రం చెప్పకు.

నీది విండోస్ 11 కదా, సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్, కింద నీ మైకు పేరు మీద నొక్కు. ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉంటుంది, ఆఫ్ చేసెయ్. అప్‌డేట్ పడ్డాక మైకు అసలు పలకకపోతే ప్రైవసీలో మైక్రోఫోన్ తెరిచి, డెస్క్‌టాప్ యాప్‌లకి అనుమతి ఉందో లేదో చూడు. ఇంకోటి, మైకు ముందు గుచ్చి తర్వాత ఆడాసిటీ తెరువు. తెరిచాక గుచ్చితే, మైకుల్ని మళ్లీ వెతకమని రీస్కాన్ చేసేదాకా దానికి కనబడదు.

ఇక చెరువు నీళ్లలోకి గాలి పట్టించే ఏరియేటర్ల మోత. మీ ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువుల పక్కన రాత్రిపూట రికార్డు చేస్తే ఆ మోత రాక తప్పదు. కిటికీ వేసి, ఫ్యాన్ ఆపి, ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడుపు. ఛార్జర్ వల్ల వచ్చే గుయ్‌మనే శబ్దం దాంతోనే పోవచ్చు. రికార్డు నొక్కాక అయిదు సెకన్లు ఎవరూ మాట్లాడకండి. ఆ ఖాళీ ముక్కని ఎంచుకుని, ఆడాసిటీలో చప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్ తెరిచి గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కి, తర్వాత పాటంతా ఎంచుకుని 6 డెసిబెల్స్ తగ్గింపుతో మొదలుపెట్టు. 12 దాటకు. దాటితే పాట నీళ్లలోంచి వస్తున్నట్టుంటుంది. కప్పల బెకబెక మాత్రం దీనికి లొంగదు, అది ఒకే తీరుగా ఉండదు కదా. వాన వెలిసిన రాత్రి రికార్డింగ్ పెట్టుకోకు.

రికార్డు చేసేటప్పుడు శబ్దం ఎంతుందో చూపే మీటర్‌ని మైనస్ 12కీ మైనస్ 6 డెసిబెల్స్‌కీ మధ్య ఆడనివ్వు. సున్నాకి తగిలిందంటే గొంతు చిట్లినట్టే, తర్వాత ఎంత తగ్గించినా అతకదు. పాలకొల్లులో మైకు సెట్టు నడిపిన రోజుల నుంచీ నేను భయపడేది దీనికే.

నీ కంప్యూటర్‌లో ఉన్న నాలుగు జీబీ ర్యామ్‌కి ఆడాసిటీ బరువేం కాదు, బ్రౌజర్ మూసేస్తే చాలు. ఊరికే ముక్క కోసి ఎంపీత్రీ చేయడానికైతే ఓసెన్‌ఆడియో అనే ప్రోగ్రామ్ ఇంకా తేలిక, అదీ ఉచితమే. కాకపోతే ట్రాకు మీద ట్రాకు పేర్చడం అందులో కుదరదు.

దాచుకోవడం దగ్గర మాత్రం నాలా చేయకు. 2021లో 3.0 వెర్షన్ వచ్చేదాకా ఆడాసిటీ ప్రాజెక్టంటే చిన్న ఫైలు ఒకటి, పక్కన డేటా ఫోల్డర్ ఒకటి. శబ్దమంతా ఉండేది ఆ ఫోల్డర్‌లోనే. శ్రీరామనవమి పందిట్లో చేసిన హరికథ, రెండు గంటలది, చిన్న ఫైలొక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కంప్యూటర్ ఫార్మాట్ కొట్టించాను. ఇంటికొచ్చి తెరిస్తే గీతలే తప్ప గొంతు లేదు. ఆ దాసుగారు ఇప్పుడు లేరు. ఇప్పుడంతా ఒకే ఫైలులో ఉంటుంది గానీ, అయినా సరే, కోత మొదలుపెట్టక ముందే ప్రతి పాటనీ వేవ్ (WAV) ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి వేరే డిస్కులో పెట్టు. ఎంపీత్రీ బంధువులకి పంపడానికే.

రెండో ముక్కలో అమ్మ పాట ఆపి "పాలు పొంగిపోతున్నాయి, చూడండే" అని కేకేసిన చోటు కోసేద్దామా అని అడిగావు. బంధువులకి పంపేదాంట్లో కోసెయ్. నాకు కోయనిది పంపు.

మీ మామయ్య