కరెంటును చూడు అల్లుడా, స్పీడు సంగతి తర్వాత

మిర్యాలగూడ

అల్లుడికి,

జడ్చర్లలో ఉద్యోగంలో చేరావని, ప్లాస్టిక్‌ను కరిగించి స్క్రూతో తోసే ఎక్స్‌ట్రూడర్ మీది పాత డీసీ డ్రైవ్‌ను (మోటారు స్పీడును అదుపు చేసే పెట్టెను) నీకే అంటగట్టారని అక్క మొన్న ఫోన్‌లో చెప్పింది. ఆమెకు బాధగానే ఉంది, నాకు మాత్రం సంతోషం. వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ (తిరిగే కొలిమి) మోటారుతో ఇరవై ఆరేళ్లు కాపురం చేసినవాణ్ని. ఆ మోటారు నేర్పినంత ఏ పుస్తకమూ నేర్పలేదు.

ఆపరేటర్లు స్పీడు గురించే గొడవపెడతారు. నువ్వు మాత్రం ముందు ఆర్మేచర్ కరెంటు, అంటే మోటారులో తిరిగే చుట్టలో పారేది చూడు. 220 వోల్టుల మోటారు, ఆర్మేచర్ రెసిస్టెన్స్ 1 ఓమ్ అనుకో. 20 ఆంపియర్ల లోడు మీద తిరుగుతుంటే అది తనలో తానే 200 వోల్టులు ఎదురు పుట్టిస్తుంది. కరెంటును తోసేది మిగిలిన 20 వోల్టులే. ఆగి ఉన్నప్పుడు ఆ ఎదురు ఉండదు కాబట్టి నేరుగా 220 వోల్టులు ఇస్తే 220 ఆంపియర్లు పారతాయి. ఆ చుట్టకు కరెంటు అందించే బ్రష్షులు, కమ్యుటేటర్ ఏమవుతాయో వేరే చెప్పాలా? అందుకే కరెంట్ లిమిట్ నేమ్‌ప్లేట్ విలువకు ఒకటిన్నర రెట్లు దాటనివ్వకు. "స్టార్ట్ కావడం లేదు సార్" అని ఎవడో అన్నాడని లిమిట్ పెంచొద్దు. ముందు స్క్రూలో ప్లాస్టిక్ గడ్డకట్టిందేమో చూడు.

నీ దగ్గరున్నది ఏసీని డీసీగా మార్చే మూడు ఫేజుల ఫుల్ కన్వర్టర్ అయితే అందులో ఆరు థైరిస్టర్లుంటాయి, గేటుకు సిగ్నల్ ఇస్తే ఆన్ అయ్యే స్విచ్చులవి. 415 వోల్టుల లైనుకు ఫైరింగ్ యాంగిల్ (ఆ సిగ్నల్‌ను ఎంత ఆలస్యంగా ఇస్తామన్నది) సున్నా దగ్గర సుమారు 560 వోల్టుల డీసీ వస్తుంది. 60 డిగ్రీలకు జరిపితే 280 వస్తుంది, 90కి సున్నా. 440 వోల్టుల మోటారుకు ఫుల్ స్పీడులో కూడా దాదాపు 38 డిగ్రీల దగ్గరే ఉంటుంది. లైను పడిపోయినప్పుడు ఆదుకునేది ఆ మిగులే.

ఒకరాత్రి షిఫ్టులో మోటారు మోత మారింది. స్పీడు సరిగ్గా ఉంది, ప్యానెల్ మీటర్లు కూడా సరిగ్గానే ఉన్నాయి. ఇంజనీరు గారు "బేరింగ్" అని తేల్చేశారు. నాకు నమ్మకం కుదరలేదు. మూత తీసి చూస్తే కమ్యుటేటర్ మీద నిప్పురవ్వలు. వోల్టేజి ఆకారం గీసి చూపే స్కోపు పెడితే, వరుసగా ఆరు గుట్టలు రావాల్సిన చోట నాలుగే ఉన్నాయి, మిగతా రెండింటి జాగాలో గుంట. ఒక గేటు వైరు లూజు, అంతే. ఒక థైరిస్టర్ పని మానేసినా డ్రైవ్ తన ఫైరింగ్ యాంగిల్‌ను తగ్గించుకుని సగటు వోల్టేజిని సరిచేసుకుంది కాబట్టి మీటర్లకేమీ తెలియలేదు. అప్పటినుంచి నెలకోసారి స్కోపు పెట్టడం అలవాటు చేసుకున్నాను. స్కోపు ఎర్త్ క్లిప్పును మాత్రం ఆర్మేచర్‌కు తగిలించకు, డిఫరెన్షియల్ ప్రోబ్ అడుగు. కొనరంటే గట్టిగా అడుగు.

ఫీల్డ్ (మోటారులో అయస్కాంతాన్ని పుట్టించే చుట్ట) కరెంటు పోతే మోటారును ఆపే ఫీల్డ్ ఫెయిల్యూర్ రిలే ఊరికే ట్రిప్ అవుతోందని ఎవరైనా జంపర్ వేస్తే వెంటనే పీకెయ్. ఫీల్డ్ పోయి, లోడు తేలిగ్గా ఉంటే మోటారు పగ్గం తెంచుకున్న కోడెలా పరుగెడుతుంది. స్పీడును కొలిచి డ్రైవ్‌కు చెప్పే టాకో వైరు కూడా అంతే. అది ఊడితే, మోటారు ఎంత తిరుగుతున్నా ఆగి ఉన్నట్టే డ్రైవ్‌కు కనిపిస్తుంది, ఇంకా ఇంకా తోస్తుంది. సెమీకండక్టర్ ఫ్యూజు పోతే అదే రకం వెయ్యి. రాగి తీగ చుట్టినవాళ్లను చూశాను, తర్వాత వాళ్లు కొన్న థైరిస్టర్ల బిల్లు కూడా చూశాను.

గోడౌన్లో బ్యాటరీ ట్రక్కు కూడా నీ లెక్కలోనే వేశారట. అందులో ఉండేది చాపర్, బ్యాటరీ డీసీని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ మోటారుకు ఇచ్చేది. ఏసీలో కరెంటు సున్నాకు వచ్చినప్పుడల్లా థైరిస్టర్ దానంతటదే మూతపడుతుంది. బ్యాటరీ డీసీకి ఆ సున్నా రాదు. మన సాగర్ ఎడమ కాలువ తూము ఎత్తాక నీళ్లు అయిపోయేదాకా దిగకపోతే ఎలా ఉంటుందో అలా! అందుకే పాత చాపర్లలో ఆర్పడానికి వేరే సర్క్యూట్ ఉండేది. ఇప్పుడు మాస్‌ఫెట్లు, ఐజీబీటీలు వచ్చి ఆ తిప్పలు పోయాయి. 48 వోల్టుల్లో పావు సమయం ఆన్ ఉంటే మోటారుకు సగటున 12 వోల్టులు అందుతాయి. అప్పుడు బ్యాటరీ వైపు 25 ఆంపియర్లే చూసి లోడు తక్కువని మురిసిపోకు, మోటారులో దాదాపు 100 పారుతుంటాయి. ఆఫ్ సమయంలో ఆ కరెంటు తిరిగేది ఫ్రీవీలింగ్ డయోడ్ గుండానే. కాలిన ప్రతి ట్రాన్సిస్టర్ దగ్గర ముందు ఆ డయోడ్‌ను చెక్ చెయ్.

ఎండాకాలం వస్తోంది. తక్కువ స్పీడులో తన సొంత ఫ్యానుతో మోటారు చల్లబడదు, విడిగా ఉన్న బ్లోయర్, దాని ఫిల్టర్ చూసుకో. ఎక్కువ వోల్టేజి పెట్టి ఇన్సులేషన్ చూసే మెగ్గర్ పెట్టేముందు డ్రైవ్ వైర్లు విప్పెయ్యి, లేకపోతే కార్డులు పోతాయి.

దసరాకు వచ్చినప్పుడు నా క్లాంప్ మీటర్ తీసుకుపో. నీ దగ్గరున్నది ఏసీకి మాత్రమే పనిచేసేదని అక్క పంపిన ఫొటోలో కనిపించింది. దాన్ని ఆర్మేచర్ వైరు చుట్టూ పెట్టి అంకె చూసి నమ్మేవు, అది డీసీని చూపించదు.

ఇట్లు
మీ మామ