రెండు ఊళ్ల మ్యాచ్‌ను రెండు వైపులా వినాలి

బిడ్డా,

పెద్దబాపు ఆశీస్సులు. కాజీపేట, హన్మకొండ, వరంగల్ జట్లు ఒకదానితో ఒకటి తలపడ్డ పాత ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూసినవాళ్లను వెతికి, వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేస్తానని ఫోన్లో చెప్పావు. ఎట్లా మొదలుపెట్టాలో రాసి పంపమన్నావు. రిటైరైనప్పటి నుంచి నేను మా పాతవాళ్ల మాటలు నోట్‌బుక్కుల్లో రాసుకుంటూ వస్తున్నాను. ఆ పనిలో తెలిసొచ్చిన సంగతులు చెప్తాను.

ముందుగా తొందర గురించి. లోకో షెడ్డులో నాతో పనిచేసినవాళ్లలో, మ్యాచ్ ఉందంటే డ్యూటీ మార్చుకుని పోయినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లు ఎనభైకి అటూ ఇటూ ఉన్నారు. 2023లో ఒకే ఏడాదిలో తులసీదాస్ బలరాం పోయారు, మహమ్మద్ హబీబ్ పోయారు. వాళ్లు దేశమంతా తెలిసిన ఆటగాళ్లు కాబట్టి పత్రికలు రాశాయి. గీత పక్కన నిలబడి చూసినవాడు పోతే ఎవరూ రాయరు. ప్రశ్నలన్నీ పక్కాగా తయారయ్యాక పోదాంలే అనుకోకు. అందరికన్నా వయసు పైబడినవాళ్ల దగ్గరికి ఈ నెలలోనే వెళ్లు. ప్రశ్నలు వాళ్ల మాటల్లోంచే పుడతాయి.

వెళ్లాక స్కోరు మాత్రం అడగొద్దు. "ఆ మ్యాచ్‌లో ఎన్ని గోల్స్?" అని మొదలుపెట్టావా, ఎదుటి మనిషికి పరీక్ష హాల్లో కూర్చున్నట్టు ఉంటుంది. గుర్తు లేకపోతే సిగ్గుపడతారు, సిగ్గుపడితే ఇక నోరు విప్పరు. "మ్యాచ్‌కు ఎట్లా పోయేవాళ్లు?" అని అడుగు. దారి గుర్తుకొస్తే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. కాజీపేట నుంచి వరంగల్‌కు ప్యాసింజర్ ఎక్కారా, సైకిల్ మీద డబుల్స్ పోయారా? సైకిల్ ఎక్కడ పెట్టారు, ఎవరు చూసుకున్నారు? నైట్ డ్యూటీ దిగి నిద్ర లేకుండా పోయారా? ఆజంజాహి మిల్లు షిఫ్టు వదిలాక జనం ఎటువైపు నుంచి వచ్చారు? నిజాం కాలంలో, 1934లో మొదలైన ఆ మిల్లు ఇప్పుడు లేదు, స్థలం ప్లాట్లయింది. కానీ ఆ సైరన్ ఎన్ని గంటలకు మోగేదో చెప్పగలిగిన మనిషి మ్యాచ్ ఎన్ని గంటలకు మొదలైందో కూడా చెప్పగలడు.

ఏం తిన్నారో అడుగు. ఉడకబెట్టిన పల్లికాయ, కాల్చిన మక్కకంకి, మిర్చి బజ్జీ. ఏ కాలంలో జరిగిన మ్యాచో మక్కకంకితోనే తెలిసిపోతుంది. వాన పడిందా అని అడుగు. అప్పటి బంతి తోలుది, లోపల బ్లాడర్, మూతి దగ్గర తోలు తాడుతో బిగించి కట్టేవాళ్లు. తడిస్తే బరువెక్కేది. ఆ తాడు ముడి నుదుటికి తగిలేలా హెడ్ చేసినవాడికి ఆ నొప్పి ఇప్పటికీ గుర్తుంటుంది. అట్లాంటి మనిషి దొరికితే ఆ పూటంతా ఆయనకే ఇవ్వు.

ఇక అసలు సంగతి. పక్కపక్క ఊళ్ల మధ్య జరిగే మ్యాచ్ ఒకే మైదానంలో జరిగినా రెండు ఊళ్లలో రెండు రకాలుగా మిగులుతుంది. మా రోజుల్లో ఇక్కడి చాలా గ్రౌండ్లలో గోల్‌పోస్టుకు నెట్ ఉండేది కాదు. రెండు కర్రలు, పైన ఒక అడ్డకర్ర, నేల మీద సున్నం గీత. గట్టిగా కొట్టిన బంతి కర్ర లోపలి నుంచి పోయిందా, బయటి నుంచి పోయిందా అన్నది రిఫరీ చెప్పాలి, లేదా వెనక నిలబడ్డ జనం చెప్పాలి. వెనక నిలబడ్డది ఎవరి జనం అన్నదాన్ని బట్టి జవాబు మారేది. ఒక మ్యాచ్ గురించి మా రైల్వే కాలనీలో ఒక రిటైర్డ్ గార్డును అడిగితే, బంతి లోపలి నుంచే పోయింది, రిఫరీకి ఎండ కళ్లలో పడి కనబడలేదు అన్నారు. అదే మ్యాచ్ గురించి వరంగల్ మండిబజార్‌లో ఒక టైలర్‌ను అడిగితే, తాను కర్ర పక్కనే కూర్చున్నాననీ, బయటి నుంచి పోయిన బంతి తన మోకాలికి తగిలిందనీ పంచె పైకి జరిపి చూపించారు. ఇద్దరూ పెద్దమనుషులు, ఇద్దరికీ అబద్ధం చెప్పాల్సిన అవసరం లేదు.

అట్లాంటప్పుడు నువ్వు తీర్పు చెప్పకు. రెండూ ఉన్నదున్నట్టు రాసుకో. రెంటినీ కలిపి మధ్యలో మూడో కథ అసలే తయారు చేయకు. అది ఎవరిదీ కాకుండా పోతుంది. అట్లాగే వరంగల్ వాళ్లు చెప్పింది కాజీపేట వాళ్లకు చెప్పి, "మరి వాళ్లు ఇట్లా అంటున్నారే?" అని మొదటి రోజే అడగొద్దు. కోపమొస్తే వాదిస్తారు, వాదించేటప్పుడు గుర్తున్నదాన్ని వదిలేసి గెలిపించేదాన్ని పట్టుకుంటారు. ముందు వాళ్ల మాట పూర్తిగా అయిపోనివ్వు. రెండోసారి పోయినప్పుడు మెల్లగా అడుగు. రెండోసారి తప్పకుండా పోవాలి. మొదటిసారి చెప్పింది రాత్రంతా మనసులో తిరిగి, మర్నాడు వాళ్లకు కొత్తవి గుర్తుకొస్తాయి.

సంవత్సరాల సంగతి చెప్తాను, ఇందులో జాగ్రత్త కావాలి. "ఏ సంవత్సరం?" అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. గుర్తులు పట్టుకోవాలి. 1969 తెలంగాణ ఉద్యమానికి ముందా, తర్వాతా? కాలేజీలు మూసి ఉన్నప్పుడా? రైల్వే మనిషైతే 1974 మే నెల సమ్మెకు ముందా, తర్వాతా అని అడుగు. ఆ సమ్మె ఏ రైల్వే కుటుంబమూ మరచిపోదు. హైదరాబాద్ పోయి చూసిన మ్యాచ్ అయితే, స్టేడియం పేరు 1967లో ఫతే మైదాన్ నుంచి లాల్ బహదూర్ స్టేడియంగా మారింది. కానీ పాతవాళ్లు ఇప్పటికీ ఫతే మైదాన్ అనే అంటారు కాబట్టి ఆ ఒక్క పేరును నమ్ముకోకు. పోలీసు జట్టు పేరు అంతకన్నా బాగా పనికొస్తుంది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్. 1961లో డ్యురాండ్ కప్ గెలిచేనాటికి అదే జట్టును ఆంధ్రా పోలీస్ అనేవాళ్లు. చెప్పే మనిషి నోట ఏ పేరు వచ్చిందో రాసుకో, కాలం కొంత తేలుతుంది.

ఆ జట్టును, భారత జట్టును తీర్చిదిద్దిన రహీం సాబ్ గురించి కూడా చెప్తారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం ఆయన కోచింగ్‌లోనే వచ్చాయి. మరుసటి ఏడాదే ఆయన పోయారు. ఇవి పుస్తకాల్లో దొరుకుతాయి, వీటి కోసం ముసలివాళ్ల ఓపిక ఖర్చు చేయకు. జకార్తా గెలుపు కబురు మన ఊరికి ఎట్లా చేరింది, రేడియో ఎవరింట్లో ఉండేది, ఆ సాయంత్రం గ్రౌండ్‌కు ఎంతమంది పిల్లలు కొత్తగా వచ్చారు, ఇవి అడుగు. ఇవి పుస్తకాల్లో లేవు.

కలకత్తా మాట కూడా వస్తుంది. అక్కడి రెండు పెద్ద క్లబ్బులు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మధ్య మ్యాచ్ గురించి ఇక్కడివాళ్లు తమ ఊరి గొడవలాగే మాట్లాడతారు. కారణం ఉంది. మన హైదరాబాద్ కుర్రాళ్లు అక్కడ ఆడారు. నయీముద్దీన్, హబీబ్, హబీబ్ తమ్ముడు అక్బర్. నయీముద్దీన్ కెప్టెన్‌గా 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కంచు పతకం వచ్చింది. 1976 కలకత్తా లీగ్ మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున అక్బర్ పదిహేడు సెకన్లలో గోల్ కొట్టాడు. రైల్వే పాసు ఉన్నవాళ్లు కొందరు నిజంగానే కలకత్తా పోయి చూసి వచ్చారు. ఎక్కువమంది పేపర్లో చదివారు, పోయొచ్చినవాళ్ల నోట విన్నారు. ఏళ్లు గడిచేసరికి విన్నది కూడా చూసినట్టే అయిపోతుంది. "నిజంగా చూశారా?" అని మాత్రం అడగొద్దు, మనసు నొచ్చుకుంటుంది. "గోల్ పడేసరికి మీరు కూర్చున్నారా, ఇంకా జాగా వెతుక్కుంటున్నారా?" అని అడుగు. పదిహేడు సెకన్లంటే విజిల్ వేసి బంతి కదిలిన కాసేపటికే. అక్కడ ఉన్న మనిషి ఆ గోల్ కన్నా ముందు, తాను దాన్ని ఎట్లా చూడలేకపోయాడో, ఎవరి భుజం అడ్డొచ్చిందో చెప్తాడు.

టీవీ వల్ల కూడా ఇట్లాగే కలిసిపోతుంది. 1986 ప్రపంచ కప్‌ను దూరదర్శన్‌లో చూసినవాళ్లు మారడోనా పరుగును మన గ్రౌండ్ మీదికి తెచ్చేస్తారు. ఐదుగురిని దాటుకుని పోయి గోల్ కొట్టిన రైట్ ఇన్ (ముందు వరసలో కుడివైపు ఆడేవాడు) గురించి ఎవరైనా చెప్తే రాసుకో, పక్కన ఒక గుర్తు పెట్టుకో. తర్వాత ఇంకో నోట కూడా అదే మాట వస్తే అప్పుడు నమ్ము.

గొడవల విషయం జాగ్రత్తగా అడగాలి. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్ చూడటానికి పోయిన 16 మంది ప్రాణాలు పోయాయి. ఊరి అభిమానం అంతదూరం పోగలదని నీకు తెలిసి ఉండాలి. మన దగ్గర అంత ఘోరం నేను చూడలేదు గానీ రాళ్లు పడటం చూశాను, తలలు పగలడం చూశాను. అవతలివాళ్ల కులం, మతం, మాట యాస పెట్టి తిట్టిన తిట్లు విన్నాను. అవి రాయకుండా వదిలేస్తే ఆ రోజుల గురించి తియ్యటి అబద్ధం తయారవుతుంది. కానీ ఎవరు తిట్టారో, ఎవరు రాయి వేశారో పేర్లు బయటపెట్టొద్దు. వాళ్ల మనవలు నీతోపాటు అదే కాలేజీలో చదువుతుండొచ్చు. రికార్డింగ్ మొదలుపెట్టే ముందే ఇది ఎందుకు, ఎవరు వింటారు అన్నది చెప్పు. అయ్యాక ఏదైనా తీసేయమంటే మారుమాట లేకుండా తీసేయి.

మైదానంలో ఉన్న మగవాళ్లతోనే ఆగిపోకు. ఇది నువ్వైతే మాకన్నా బాగా చేయగలవు. రైల్వే క్వార్టర్ల గోడ మీద నుంచి మ్యాచ్ చూసిన అక్కలున్నారు. బురద పట్టిన జెర్సీలు రాత్రికి రాత్రి ఉతికి ఆరేసిన అమ్మలున్నారు. ఓడిన రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినకపోవడం వాళ్లకు గుర్తుంటుంది. ఆ సంగతి మగవాళ్లు చెప్పరు. మీ పెద్దమ్మనే అడుగు, నేను ఇంట్లో లేనప్పుడు అడుగు. చిరిగిన బంతి కుట్టినాయన, గీత మీద సున్నం పోసినాయన, బంతి దూరం పోతే ఉరికి తెచ్చిన పిలగాళ్లు, వీళ్లందరూ ప్రతి మ్యాచ్‌కూ ఉన్నవాళ్లే. ఊరికి ఒక్కసారి వచ్చిపోయిన పెద్ద ఆటగాడి కన్నా వీళ్లకు ఎక్కువ తెలుసు.

రికార్డింగ్‌కు ఫోన్ చాలు. ఫ్యాన్ ఆపమని అడుగు, టీవీ ఆపమని అడుగు. హోటల్లో చాయ్ తాగుతూ మాట్లాడితే మాట బాగా సాగుతుంది గానీ తర్వాత గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినబడదు. ఓపిక ఉన్న మనిషైతే ఆటోలో గ్రౌండ్‌కు తీసుకుపో. అక్కడ నిలబెడితే చెయ్యి దానంతటదే లేచి, గోల్ ఎటువైపు ఉండేదో చూపిస్తుంది. ఉర్దూలో మాట్లాడేవాళ్లను తెలుగులో చెప్పమని ఇబ్బంది పెట్టకు, ఉర్దూ తెలిసిన స్నేహితురాలిని వెంట తీసుకుపో. ఎవరిదైనా పాత ఫొటో ఉంటే ఇంటికి తెచ్చుకోవద్దు, అక్కడే ఫోన్‌తో ఫొటో తీసి వాళ్ల చేతికిచ్చేయి. ఫొటోలో ఉన్నవాళ్లు ఎవరెవరో ఎడమ నుంచి కుడికి చెప్పించి ఆ మాట కూడా రికార్డు చెయ్యి.

పత్రికల్లో చూసుకోవడం చివరి పని. హన్మకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం 1904 నుంచి ఉంది, అక్కడ పాత పేపర్లు ఏమైనా ఉన్నాయేమో అడుగు. హైదరాబాద్ పోయినప్పుడు అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీలో ఉర్దూ, ఇంగ్లిష్ పేపర్లు కూడా చూడు. పేపర్లో ఉన్న తేదీకీ మనిషి చెప్పినదానికీ తేడా వస్తే తేదీ దిద్దుకో, మనిషి మాట దిద్దకు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపు సింగరేణి జట్ల కథలు వేరే ఉన్నాయి. అవి మొదలుపెడితే ఇది ఆగిపోతుంది. ముందు ఇక్కడిది పూర్తి చెయ్యి.

ఒక్క విషయం. నేను కాజీపేట మనిషిని. ఆ టైలర్ మోకాలు చూపించినా, బంతి కర్ర లోపలి నుంచే పోయిందని నా నమ్మకం. కాబట్టి నీ పని నాతో మొదలుపెట్టకు. ముందు వరంగల్ వైపు పో. ఆ టైలర్ గారితో మాట్లాడి ఉంచాను, పొద్దున పదకొండు దాటాక షాపులో గిరాకీ తక్కువ ఉంటుంది, అప్పుడు రమ్మన్నారు. ఆయనకు కుడిచెవి సరిగ్గా వినబడదు, ఎడమవైపు కూర్చో. అక్కడ నలుగురైదుగురిని విన్నాక, వాళ్లు చెప్పినవి నాకు చెప్పకుండా వచ్చి నన్ను అడుగు.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు