చెక్ పల్లెకు వెళ్తున్నారా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చెక్ రిపబ్లిక్‌లో, దక్షిణ బొహీమియా ప్రాంతంలోని హొలషొవిత్సె అనే పల్లెను చూడాలని ఉంది. చెస్కె బుద్యెయొవిత్సె నగరం నుంచి బస్సు ఉందట. అక్కడి టైంటేబుళ్లలో వేళల పక్కన సుత్తులు, శిలువలు ఉంటాయని విన్నాను. వాటి అర్థమేమిటి?

జవాబు: ఈ గుర్తులు తెలియకుండా మాత్రం బయల్దేరకండి. ఒకదానిపై ఒకటి అడ్డంగా పెట్టిన రెండు సుత్తులంటే ఆ బస్సు పనిదినాల్లోనే నడుస్తుంది. సున్న చుట్టిన 6 ఉంటే శనివారం, శిలువ ఉంటే ఆదివారాలు, ప్రభుత్వ సెలవులు. పల్లె బస్సుల్లో ఎక్కువ వాటికి సుత్తుల గుర్తే ఉంటుంది. అందుకే శనివారం వెళ్లినవాళ్లకు తిరుగు బస్సు దొరకకపోవచ్చు. వేళ పక్కన వేరే చిన్న అంకె కనిపిస్తే టైంటేబుల్ అడుగున దాని వివరణ చదవండి. బడికి సెలవులున్న రోజుల్లో ఆ బస్సు రాదని అక్కడ రాసి ఉండొచ్చు. బస్సు, రైలు వేళలు చూపే ఇదోస్ యాప్‌లో మీరు వెళ్లే తేదీ పెట్టి, రాకపోకలు రెండూ చూసుకోవడం మేలు.

స్టాపు పేరు పక్కన చిన్న ఇంటూ గుర్తుంటే అడిగితేనే ఆపుతారు. రోడ్డు మీద ఉన్నవాళ్లు చెయ్యెత్తాలి, లోపల ఉన్నవాళ్లు ముందే బటన్ నొక్కాలి. అక్కడ చెల్లేది యూరో కాదు, కొరునా. డ్రైవర్ దగ్గర టికెట్ తీసుకోవడానికి చిల్లర ఉంచుకోండి.

ప్రశ్న: ఆ ఊళ్లో అంత విశేషం ఏముంది?

జవాబు: మధ్యలో పచ్చిక మైదానం, చెరువు, చిన్న ప్రార్థనామందిరం. చుట్టూ రైతుల ఇళ్లు వంపులు తిరిగిన ముఖగోడలతో మైదానం వైపు చూస్తుంటాయి. ఇంటికీ ధాన్యపు కొట్టుకూ నడుమ గేటు, వెనక పశువుల కొట్టాలు, అన్నీ కలిసి ఒకే పెరడు. 1998లో యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ మాట్లాడే కుటుంబాలను వెళ్లగొట్టడంతో చాలా ఇళ్లు అప్పట్లో ఖాళీ అయిపోయాయి. కొత్త కట్టడాలు రాకుండా పాత రూపం నిలవడానికి అదీ ఒక కారణం. ఆ అందం వెనకున్న దుఃఖాన్ని మరవకూడదు. ఇప్పుడు అక్కడ జనం కాపురముంటున్నారు. తెరిచిన గేటు కనిపించిందని లోపలికి వెళ్లొద్దు.

ప్రశ్న: చెక్ పల్లెల్లో ఇంటి నంబరు పట్టుకుని ఇల్లు వెతకడం కష్టమంటారు, ఎందుకు?

జవాబు: చాలా పల్లెల్లో వీధులకు పేర్లుండవు. ఊరి పేరు, ఇంటి నంబరు, అంతే. ఈ నంబర్లు 1770లో మొదలయ్యాయి. తర్వాత కట్టిన ఇంటికి తర్వాతి నంబరు ఇస్తూ వచ్చారు. అందుకే 12కు పక్కన 74 ఉండొచ్చు. బస ఇచ్చేవారిని మ్యాప్ పాయింట్ పంపమనండి.

ప్రశ్న: అడవిలో నడవొచ్చా? పుట్టగొడుగులు కోసుకోవచ్చా?

జవాబు: రెండూ చేయొచ్చు. నడకదారి చూపడానికి చెట్ల మీద 10 సెంటీమీటర్ల చదరంలో మూడు పట్టీలు ఉంటాయి. పైదీ కిందదీ తెలుపు, నడుమది ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపుల్లో ఒకటి. ఆ రంగునే అనుసరించండి. అడవిలో, దాని అంచునుంచి 50 మీటర్లలోపు, నిప్పు రాజేయడం నిషేధం.

సొంత వాడకానికి పుట్టగొడుగులు ఏరుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. బుట్టలో వేసుకోండి, ప్లాస్టిక్ సంచిలో చెమర్చి పాడవుతాయి. తెలియనిదాన్ని కాడ దగ్గర కోయకుండా మొదలంటా పెకలించి చూడండి. కాడ అడుగున తిత్తి, గొడుగు కింద తెల్లని రేకులు ఉంటే ముట్టుకోవద్దు. ప్రాణాంతకమైన అమనిటా ఫాలోయిడిస్‌కు ఆ రెండూ ఉంటాయి. తిన్నాక వాంతులు, విరేచనాలు ఆరు గంటలు దాటాకే మొదలవుతాయి కాబట్టి చాలామంది పుట్టగొడుగును అనుమానించరు. అనుమానం వస్తే ఆగకుండా అంబులెన్స్ నంబరు 155కు ఫోన్ చేయండి, మిగిలిన ముక్కలు పారేయకండి.