పరాయి దేశంలో శీతకాలం, బండిలోనే కాపురం

ప్రశ్న: నేను నీటిపారుదల శాఖలో పనిచేసి మూడేళ్ల క్రితం పదవీ విరమణ చేశాను. నా వయసు 63, నా భార్యకు 58. మా అబ్బాయి నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల పక్కింటి వృద్ధ దంపతులు ఏటా నవంబరులో ఇంటికి తాళం వేసి, మోటార్‌హోమ్‌లో (పడకలు, వంటగది, మరుగుదొడ్డి ఉన్న బండిలో) దక్షిణ స్పెయిన్‌కు వెళ్లి మార్చి నెలాఖరుకు తిరిగి వస్తారట. మమ్మల్ని కూడా అలాగే వెళ్లిరమ్మని, బండి అద్దె తానే భరిస్తానని అబ్బాయి అంటున్నాడు. క్రిస్మస్ సెలవుల్లో రెండు వారాలు మాత్రమే వాడు మాతో ఉండగలడు, మిగిలిన రోజులన్నీ నేనే నడపాలి. ముప్పై ఏళ్లుగా కారు నడుపుతున్నాను. మా ఆవిడకు మాత్రం ఈ ఆలోచన నచ్చలేదు. వీసా ఎన్నాళ్లకు ఇస్తారు? మన లైసెన్సు అక్కడ చెల్లుతుందా? మీరేమంటారు? – ఒక పాఠకుడు, అంబాజీపేట

సమాధానం: ముందు రోజుల లెక్క తేల్చుకోవాలి. ఆ పక్కింటివారు ఐరోపా సమాఖ్య పౌరులు కనుక వారికి లేని పరిమితి ఒకటి మీకు ఉంది. భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు, ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా మీద, ఏ 180 రోజుల వ్యవధి తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజు, తిరిగి బయలుదేరిన రోజు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మీరు నవంబరు 15న ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగారనుకుంటే ఫిబ్రవరి 12 మీకు తొంభయ్యో రోజు అవుతుంది, ఆ రాత్రి పన్నెండు లోపు మీరు విమానంలో ఉండాలి. అబ్బాయి ఇంట్లో గడిపిన రోజులు, దారిలో ఫ్రాన్స్‌లో ఆగిన రోజులు, స్పెయిన్ నుంచి సరదాగా పోర్చుగల్‌కు వెళ్లివచ్చిన రోజులు అన్నీ ఆ తొంభైలోవే. సరిహద్దు దాటినంత మాత్రాన లెక్క మళ్లీ మొదటికి రాదు. బ్రిటన్ ఐరోపా సమాఖ్యను వీడిన (బ్రెగ్జిట్) తరువాత, 2021 నుంచి, బ్రిటన్ వాళ్లు కూడా ఇదే చిక్కులో పడి తమ స్పెయిన్ శీతకాలాన్ని రెండు ముక్కలు చేసుకుంటున్నారు. లెక్కలో రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరని చెప్పేవారి మాట నమ్మకండి. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త ఏర్పాటులో రాకపోకలు వేలిముద్రలతో సహా కంప్యూటరులో నమోదవుతున్నాయి.

వీసా దరఖాస్తు విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. అబ్బాయి నెదర్లాండ్స్‌లో ఉన్నాడు కదా అని ఆ దేశానికే దరఖాస్తు పెడతారు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి పెట్టాలన్నది నియమం, కాబట్టి మీరు స్పెయిన్‌కు పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇదివరకే ఉన్న జబ్బులకు ఆ బీమా వర్తిస్తుందో లేదో పత్రంలో చిన్న అక్షరాల దాకా చదివి చూసుకోండి.

లైసెన్సు సంగతి సులువే. ఇక్కడి రవాణా శాఖ కార్యాలయంలో ఫారం 4ఏ ఇచ్చి, 1,000 రూపాయలు కట్టి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవచ్చు. దానికి ఏడాది గడువు ఉంటుంది. 1949 నాటి జెనీవా ఒప్పందంలో మన దేశమూ స్పెయినూ రెండూ ఉన్నాయి కనుక అది అక్కడ చెల్లుతుంది, అయితే మీ అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. కారు లైసెన్సుతో అక్కడ 3,500 కిలోల లోపు బండి మాత్రమే నడపవచ్చు, అద్దెకిచ్చే మోటార్‌హోములు ఎక్కువగా ఆ హద్దులోనే ఉంటాయి. అద్దె సంస్థల్లో కొన్ని డ్రైవరు వయసుకు పై పరిమితి పెడతాయి కాబట్టి బయానా ఇచ్చే ముందే అడిగి తెలుసుకోండి.

కాగితం చెల్లడం ఒక ఎత్తు, చేతులు చెల్లడం ఒక ఎత్తు. అక్కడ రోడ్డుకు కుడివైపున నడపాలి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, బండి ఆరేడు మీటర్ల పొడవు, దాదాపు మూడు మీటర్ల ఎత్తు. కాలువ గట్టు రోడ్డు మీద ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే అంగుళాల లెక్కన ఒదిగి దారి ఇచ్చిన అనుభవం మీకు ఉండే ఉంటుంది, అది అక్కడి కొండ ఊళ్ల ఇరుకు వీధుల్లో అక్కరకు వస్తుంది. ప్రమాదమంతా పొద్దున్నే, ఎవరూ లేని కూడలిలో, ముప్పై ఏళ్ల అలవాటు మిమ్మల్ని ఎడమకు లాగినప్పుడు ఉంటుంది. అందుకని అబ్బాయి తోడుండే రెండు వారాలను క్రిస్మస్‌కు కాకుండా ప్రయాణం మొదట్లోకి మార్చుకోమని నా సలహా. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దక్షిణ స్పెయిన్ తీరంలోని మలాగా దాకా సుమారు 2,300 కిలోమీటర్లు ఉంటుంది. మోటార్‌హోమ్ నూరు కిలోమీటర్లకు పది పన్నెండు లీటర్ల డీజిలు తాగుతుంది, ఫ్రాన్స్‌లో టోల్ రుసుములు అదనం, దారిలో మంచు కూడా తగలవచ్చు. ఇద్దరూ విమానంలో మలాగాకు వెళ్లి అక్కడే బండి అద్దెకు తీసుకోవడం మేలు.

ఇక అసలు సంగతి. దక్షిణ స్పెయిన్ వెచ్చగా ఉంటుందని చెప్పింది ఎవరు? జనవరిలో పగలు అయిదారు డిగ్రీల దగ్గర వణికే ఊరివారు. మలాగాలో జనవరి పగటి వేడి సగటున 17 డిగ్రీలు, రాత్రి ఏడెనిమిదికి దిగుతుంది, పైగా అక్కడ వానలు పడేది కూడా ఎక్కువగా శీతకాలంలోనే. కోనసీమలో మనం మఫ్లరు చుట్టుకుని అరుగు మీద కూర్చునే జనవరి తెల్లవారుజాము సైతం 18, 20 డిగ్రీలకు తక్కువ కావడం అరుదు. అంటే వాళ్ల వెచ్చని మధ్యాహ్నం కూడా మన చలి తెల్లవారు కంటే చల్లనే. సూర్యోదయం ఎనిమిది దాటితే గాని కాదు. అయిదింటికే లేచి కాఫీ పెట్టుకునే అలవాటున్న ఇద్దరు మనుషులు, మూడు గంటల చీకటిలో, రేకు గోడల మధ్య హీటరు పెట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. స్పెయిన్‌లోనే అంతకన్నా వెచ్చని చోటు కావాలంటే కానరీ ద్వీపాలు ఉన్నాయి, అక్కడ జనవరి పగలు 21 డిగ్రీల దాకా ఉంటుంది. కాని బండిని పడవ మీద ఎక్కించి ఒక రోజుకు పైగా సముద్రం మీద ప్రయాణించాలి.

మీ ఆవిడ అభ్యంతరం ఏమిటో మీరు రాయలేదు. మీరు చెప్పిన నెలల్లోనే ధనుర్మాసం, సంక్రాంతి, కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం, చాలా సంవత్సరాల్లో అంతర్వేది కల్యాణం కూడా వస్తాయి. ఏడాది మొత్తంలో మన డెల్టా అత్యంత హాయిగా ఉండే కాలాన్ని వదిలి, మనకు చలి పుట్టించే చోటుకు వెళదామంటే ఆమె ఒప్పుకోకపోవడంలో వింత లేదు. ఆ పక్కింటివారు తమ చెడ్డకాలాన్ని తప్పించుకుంటున్నారు. మన చెడ్డకాలం ఏప్రిల్, మే నెలలు. కాలువలు కట్టేసి, ఉక్కపోతతో ఒళ్లు తడిసి ముద్దయ్యే ఆ రోజుల గురించి నీటిపారుదల శాఖలో పనిచేసిన మీకు నేను చెప్పనవసరం లేదు. ఏప్రిల్ 10న వెళితే జూలై 8 దాకా తొంభై రోజులు దక్కుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మలాగాలో పగలు 21 నుంచి 24 డిగ్రీలు ఉంటుంది, పగలు పొడవు, రద్దీ ఇంకా పెరగదు. జూన్‌లో ఎండ ముదిరితే ఉత్తరంగా అబ్బాయి ఇంటికి జరగవచ్చు. కొబ్బరి దింపు చూసుకునే మనిషిని మాత్రం ముందే మాట్లాడుకోండి.

శీతకాలమే కావాలని పట్టుబట్టేవారికి నేను చూపేది న్యూజిలాండ్. మనకు చలికాలమైన డిసెంబరు, జనవరి అక్కడ వేసవి, పగలు 20 నుంచి 25 డిగ్రీలు, పైగా మనలాగే ఎడమవైపు నడపాలి. 2023లో చేసిన చట్ట సవరణ ప్రకారం మరుగుదొడ్డి బండిలో స్థిరంగా బిగించి ఉంటేనే అన్ని వసతులున్న బండిగా గుర్తింపు ఇస్తారు, ఆ గుర్తింపు చీటీ ఉన్న బండినే అద్దెకు తీసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు జర్మనీలో ఉంటారు. డిసెంబరులో నలుగురం కలిసి నెల రోజులు పోర్చుగల్ దక్షిణ తీరంలో మోటార్‌హోమ్‌లో ఉండబోతున్నాము. వంట, నీళ్లు, బాత్రూము ఎలా ఉంటాయి? ఇక్కడి నుంచి ఏమేమి తీసుకెళ్లవచ్చు? – ఒక గృహిణి, పాలకొల్లు

సమాధానం: తీసుకెళ్లే వాటితో మొదలుపెడదాం. ఐరోపా సమాఖ్యలోకి బయటి ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసినవి తీసుకురాకూడదు, కనుక నెయ్యి సీసా, కోడిమాంసం పచ్చడి ఇంట్లోనే ఉంచండి. పచ్చి ఆకులకు, కూరగాయలకు, చాలా పండ్లకు మొక్కల ఆరోగ్య పత్రం అడుగుతారు. ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉన్న అయిదింటిలో కొబ్బరికాయ, అరటిపండు ఉన్నాయి; అనాస, ఖర్జూరం, డురియన్ మిగిలినవి. మన తోటలోని కొబ్బరికాయ దర్జాగా దాటిపోతుంది, పెరట్లోని కరివేపాకు రెమ్మ ఆగిపోతుంది! పొడులు, ఆవకాయ గట్టిగా మూత బిగించి పెట్టుకోండి. బియ్యం అక్కడే కొనవచ్చు. బండి బరువుకు 3,500 కిలోల హద్దు ఉందని పైన చెప్పాను, మనుషులు, నీళ్లు, సామాను అన్నీ అందులోకే వస్తాయి.

జర్మనీ గ్యాస్ సిలిండరును పోర్చుగల్‌లో మార్చి ఇవ్వరు. రాత్రి హీటరు కూడా దాని మీదే నడిస్తే త్వరగా అయిపోతుంది, కాబట్టి కరెంటు ఇచ్చే క్యాంపింగ్ స్థలంలో దిగి, వంటకు ఇండక్షన్ పొయ్యి వాడుకోవడం మంచిది. అక్కడ చాలాచోట్ల ఒక్కో బండికి 6 లేదా 10 ఆంపియర్లే ఇస్తారు. ఆరు ఆంపియర్లంటే దాదాపు 1,400 వాట్లు, అందుచేత అన్నం కుక్కరు నడుస్తుండగా వేడినీళ్ల కెటిల్ పెడితే కరెంటు పోతుంది. అన్నం ఆవిరి చల్లని గోడలకు తగిలి నీరై పరుపుల కిందికి చేరుతుంది కనుక వంట చేసినంత సేపు పైకప్పు కిటికీ తెరిచి ఉంచండి.

నీళ్ల ట్యాంకు సుమారు 100 లీటర్లు, నలుగురికి రెండు రోజులకు చాలడమే కష్టం. మరుగుదొడ్డి కింద పద్దెనిమిది, ఇరవై లీటర్ల పెట్టె ఉంటుంది. కాగితంతో సరిపెట్టుకునే ఇద్దరికి రెండు మూడు రోజులు వచ్చేది, నీళ్లు వాడే నలుగురికి ఒక్క రోజులో నిండవచ్చు, దానిని మోసుకెళ్లి నిర్ణీత స్థలంలోనే పారబోయాలి. పగటిపూట క్యాంపింగ్ స్థలంలోని మరుగుదొడ్లు వాడుకుని, బండిలోది రాత్రికి మాత్రమే ఉంచుకోండి. అక్కడ కాగితం తప్ప నీళ్లు ఉండవు, ఒక ప్లాస్టిక్ చెంబు సామానులో పెట్టుకోండి. సముద్రపు ఒడ్డున ఎక్కడపడితే అక్కడ ఆపి పడుకోవడానికి వీల్లేదు. 2021 చట్టం రక్షిత ప్రాంతాల్లో రాత్రి బసను నిషేధించింది, మిగతాచోట్ల కూడా అనుమతి ఉన్న స్థలాలు తప్పిస్తే ఒకే పురపాలక పరిధిలో 48 గంటలకు మించి ఉండనివ్వదు. ఈ సంగతి ఇప్పుడే అల్లుడుగారికి చెప్పి, నెల రోజులకు ఒకేచోట బస మాట్లాడించండి. నెల వారీగా తీసుకుంటే శీతకాలంలో ధర బాగా తగ్గిస్తారు.